కారు ముక్కుకు వేలాడే వైరు

సంక్రాంతికి ఇంకా రెండు రోజులుంది. పొద్దున 5:50, కెనడాలోని సాస్కటూన్‌లో మైనస్ 36 డిగ్రీలు. కారులో కూర్చుని తాళం తిప్పాను. ఇంజిన్ ఒక్కసారి బరువుగా మూలిగింది. రెండోసారి తిప్పితే సగం మూలుగే వచ్చింది. మూడోసారి టక్కుమని చిన్న చప్పుడు, అంతే. డాష్‌బోర్డు లైట్లు మసకబారాయి. సీటు బండరాయిలా ఉంది. నా ఊపిరి అద్దానికి లోపలి వైపు మంచులా పేరుకుంటోంది.

నేను ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తాను. ఏడింటికి షిఫ్ట్. నా వరుసలో ఎనిమిది మంది పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళను లేపి, ముఖం కడిగి, బట్టలు మార్చి, వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి టిఫిన్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను వెళ్తేగానీ రాత్రి డ్యూటీ చేసిన అమ్మాయి ఇంటికి వెళ్ళలేదు. ఆ రోజు ఆమె తొమ్మిదిన్నర దాకా ఉండిపోయింది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న మనిషి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధ వేసింది.

ఆ ముందు ఆగస్టులోనే, వాంకూవర్ పక్కనున్న సర్రే నుంచి ఇక్కడికి వచ్చాను. మా ఆయన ఉద్యోగం ఇంకా అక్కడే. కారు కూడా అక్కడ కొన్నదే, పాత సెడాన్. సర్రేలో చలికాలమంటే ఎక్కువగా వానలు. అక్కడి కార్లకు ఇంజిన్ హీటర్ ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇక్కడ అక్టోబరు రాగానే చూశాను, ప్రతి కారు ముందు గ్రిల్ లోంచి ఒక నల్లని వైరు, చివర మూడు పిన్నుల ప్లగ్గు వేలాడుతోంది. అవన్నీ కరెంటుతో నడిచే కార్లేమో అనుకున్నాను. ఎవరినైనా అడిగి ఉంటే ఆ జనవరి పొద్దున అలా గడిచేది కాదు.

కారులోంచే మా బాపుకు ఫోన్ చేశాను. ఆదిలాబాద్‌లో అప్పుడు సాయంత్రం ఐదున్నర. మా బాపు పాతికేళ్ళు డీజిల్ అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి.

"ఏమైంది బిడ్డా, గొంతు గట్లున్నది?"

"బండి స్టార్ట్ కాలేదు బాపూ."

"సెల్ఫ్ తిరుగుతున్నదా, తిరుగుతలేదా?"

"ఒక్కసారి మూలిగి ఆగింది."

"మళ్ళ మళ్ళ కొట్టకు, ఉన్న బ్యాటరీ గూడ పోతది. దానికి హీటర్ లేదా?"

హీటర్ అనగానే చిన్నప్పటి పొద్దున్నలు గుర్తొచ్చాయి. తెలంగాణలో చలి అంటే ముందు మా ఆదిలాబాదే. డిసెంబరు, జనవరి నెలల్లో బాపు తెల్లవారుజామున లేచి, అంబాసిడర్ తాళం సగం తిప్పి పట్టుకుని, లోపల ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేవాడు. "హీటర్ కానీయాలె" అనేవాడు. ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టేవాడు. అది డీజిల్ బండ్లలో ఉండే హీటర్ ప్లగ్. సిలిండర్‌కు ఒకటి చొప్పున, సన్నటి కడ్డీలా ఉండి, కొద్ది సెకన్లలో ఎర్రబడి, లోపలి గాలిని వేడెక్కిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. అందుకు ఆ ఏర్పాటు. ఇక్కడి కార్లకు వేలాడే వైరు బ్లాక్ హీటర్‌ది, అంటే ఇంజిన్ దిమ్మను వేడిచేసేది, దాని పని వేరు. అది ఇంజిన్ మొత్తాన్ని, అందులో తిరుగుతూ దాన్ని చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను, రెండు మూడు గంటల పాటు మెల్లగా వెచ్చబరుస్తుంది. పెట్రోలు బండికైనా డీజిల్ బండికైనా ఒకటే.

ఆ చలిలో ఇంజిన్ ఎందుకు తిరగలేదో తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. మొదటిది నూనె. డబ్బా మీద 5డబ్ల్యూ-20 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ అంటే చలికాలం. 5డబ్ల్యూ నూనె ఇంజిన్‌ను ఎంత తేలిగ్గా తిరగనిస్తుందో మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. 0డబ్ల్యూ నూనెకు ఆ పరీక్ష మైనస్ 35 దగ్గర. నా కారులో ఉన్నది 5డబ్ల్యూ, బయట మైనస్ 36. అంటే నూనె తన హద్దు దాటిపోయింది. చలికి పేరుకున్న ఆముదంలో గరిటె తిప్పినట్టే, ఆ నూనెలో ఇంజిన్‌ను తిప్పాలి. రెండోది బ్యాటరీ. ఇక్కడ బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె రాస్తారు. మైనస్ 18 దగ్గర అది 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అది. మైనస్ 36కు వచ్చేసరికి లోపలి రసాయన చర్య ఇంకా మందగిస్తుంది. ఇంజిన్ ఎక్కువ బలం అడిగే రోజునే బ్యాటరీకి తక్కువ బలం ఉంటుంది. మూడోది పెట్రోలు. అది ఆవిరైతేనే మండుతుంది, అంత చలిలో సరిగ్గా ఆవిరి కాదు.

ఇక్కడ ఒక మాట. వాతావరణ వార్తల్లో "గాలితో కలిపి మైనస్ 48" అని చెప్తుంటారు. అది మన చర్మానికి సంబంధించిన లెక్క. కారు ఎంతసేపు గాలిలో నిలబడినా ఇంజిన్ చల్లదనం అసలు ఉష్ణోగ్రత కంటే కిందికి పోదు. గాలి వల్ల త్వరగా చల్లబడుతుంది, అంతే. నేను మొదట్లో ఆ అంకె చూసి చాలా టెన్షన్ పడేదాన్ని.

ఆ పొద్దున నన్ను ఆదుకున్నది పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటిన వయసు, రిటైరైన రైతు. వాళ్ళ తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ గోధుమ పండించారట. తన ట్రక్ తెచ్చి నా కారు ముందు ఆపి, కేబుళ్ళు తగిలించి, తన బ్యాటరీతో నా బ్యాటరీకి బూస్ట్ ఇచ్చారు. పావుగంటకు గానీ ఇంజిన్ అందుకోలేదు. అందుకున్నాక కూడా ఒక నిమిషం పాటు లోపల ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. ఆయన ముఖం చిట్లించి, "ఈ చప్పుడు ఇంజిన్ ఆయుష్షు తింటుంది. దీనికి బ్లాక్ హీటర్ వేయించండి" అన్నారు.

షాపులో అడిగితే రెండు వారాల దాకా ఖాళీ లేదన్నారు. చలి బాగా ముదిరాక ఈ ఊళ్ళో అందరికీ అదే పని మరి. ఆ మాట పెద్దాయనకు చెప్తే, "నా గరాజ్‌లో గదిని వెచ్చగా ఉంచే హీటర్ ఉంది, పనిముట్లు ఉన్నాయి. శనివారం మనమే వేద్దాం" అన్నారు. నేను చూస్తూ నిలబడతానని అనుకుని ఉంటారు. నా చేతులతో నేనే చేస్తానని, ఆయన చెప్తే చాలని అన్నాను. టాక్సీ డ్రైవర్ కూతుర్ని, పానా పట్టుకోవడం నాకు కొత్త కాదు.

హీటర్లలో రకాలున్నాయి. రేడియేటర్ కింది గొట్టాన్ని కోసి మధ్యలో బిగించేది ఒకటి. నూనె ఉండే తొట్టి కింద స్టిక్కర్‌లా అంటించే మెత్తటి ప్యాడ్ ఇంకొకటి. అయస్కాంతంతో అతుక్కునేది కూడా దొరుకుతుంది కానీ, పెద్దాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోనివ్వలేదు, రోడ్డు మీద ఎక్కడో ఊడి పడుతుందన్నారు. యూరప్‌లో కారు పెట్రోలునే కొంచెం మండించి కూలెంట్‌ను వేడిచేసే వెబాస్టో లాంటివి ఎక్కువ వాడతారు. అవి బాగా ఖరీదు, కరెంటు దొరకని చోట మాత్రం వాటికి సాటి లేదు. మేము తీసుకున్నది ఇక్కడ అందరూ వాడేది, ఇంజిన్ బ్లాక్‌లోకి నేరుగా దిగే 400 వాట్ల హీటర్. మన నీళ్ళ బకెట్‌లో వేసే హీటర్ రాడ్డుకు చిట్టి తమ్ముడిలా ఉంటుంది.

అది దిగేది ఫ్రాస్ట్ ప్లగ్ ఉండే రంధ్రంలోకి. ఈ ఫ్రాస్ట్ ప్లగ్ సంగతి నాకు ఎంతో నచ్చింది. ఇంజిన్ బ్లాక్‌ను పోత పోసేటప్పుడు లోపల నీళ్ళ దారుల కోసం ఇసుకతో అచ్చు పెడతారు. లోహం గట్టిపడ్డాక ఆ ఇసుకంతా బయటికి రావాలి. దానికి వదిలిన రంధ్రాలే ఇవి. తర్వాత వాటిని చిన్న లోహపు గిన్నెల్లాంటి మూతలతో మూసేస్తారు. పేరులో చలి ఉంది గానీ, పుట్టుక పోత పనిలోనే. మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేసేటప్పుడు లోపల మట్టిముద్ద పెట్టి, పైన మైనం చుట్టి, ఆ మైనం జాగాలో ఇత్తడి పోస్తారు. కెస్లాగూడలో నేను చిన్నప్పుడు చూసిన పనికి, ఇంత దూరంలో నా కారు ఇంజిన్ పుట్టిన తీరుకు చుట్టరికం కనిపించింది.

శుక్రవారం రాత్రే కారును ఆయన గరాజ్‌లో పెట్టాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, కిందంతా పట్టిన మంచు కరిగి కారిపోవాలి. పొద్దునకు నేల మీద చిన్న చెరువు. ముందు జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీద ఆనిందని ఊపి చూశాకే ఆయన నన్ను కిందికి వెళ్ళనిచ్చారు. ఆయన కుక్కను అంతకు ముందే ఇంట్లో పెట్టి తలుపు వేశారు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, జంతువులు నాకుతాయి, కొంచెం లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతిని చచ్చిపోతాయి. పిల్లలున్న ఇళ్ళలోనూ ఇదే జాగ్రత్త కావాలి.

రేడియేటర్ కింద మర తిప్పి కూలెంట్‌ను బకెట్‌లోకి వదిలాం. హీటర్ డబ్బాలో వచ్చిన కాగితం మీద నా ఇంజిన్ బొమ్మ, ఏ మూత తీయాలో బాణం గుర్తు ఉన్నాయి. ఆ మూత ఇంజిన్ వెనక వైపు, కింద నుంచి చెయ్యి పెడితేనే అందే చోట. మూత కింది అంచు మీద మొద్దు ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టాలి. అప్పుడది తలుపులా అడ్డంగా తిరుగుతుంది. దెబ్బ గట్టిగా పడితే లోపలికి పడిపోతుంది, అలా పడితే బయటికి తీయడం నరకం. నేను తడుతూ ఉంటే పెద్దాయన పక్కన పడుకుని టార్చి పట్టుకుని, "ఇంకా చిన్నగా, ఇంకా చిన్నగా" అంటూనే ఉన్నారు. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో తిరిగింది. ప్లయర్‌తో పట్టుకుని లాగితే బ్లాక్‌లో మిగిలిన కూలెంట్ భళ్ళున నా మోచేతి దాకా కారింది.

తర్వాత ఆ రంధ్రం అంచును ఎమరీ కాగితంతో రుద్దాలి. తుప్పు, పాత గమ్ము ఒక్క రవ్వ కూడా మిగలకూడదు. చెప్పడానికి ఒక్క వాక్యం, నాకు ముప్పావుగంట పట్టింది. వేలితో తడుముతూ గరుకు తగిలిన చోటల్లా మళ్ళీ రుద్దాను. హీటర్‌కు ఒక రబ్బరు రింగు ఉంటుంది, దానికి కొంచెం కూలెంట్ పూసి లోపలికి నెట్టాను. లోపలి కాయిల్ ఏ వైపుకు తిరిగి ఉండాలో కాగితంలో ఉంది. అది బ్లాక్ గోడకు తగలకూడదు. మధ్యలో స్క్రూ బిగిస్తే లోపల రెక్కలు విచ్చుకుని పట్టుకుంటాయి.

కొత్త కూలెంట్ పోసి చూస్తే చుక్క. ఒక నిమిషానికి ఇంకో చుక్క. నా గుండె జారిపోయింది. పెద్దాయన కోప్పడలేదు, విసుక్కోలేదు. "రింగు ఒక పక్కకు మడత పడి ఉంటుంది, తీసి మళ్ళీ పెట్టండి" అన్నారు. మళ్ళీ అంతా కారబెట్టి, హీటర్ తీసి చూస్తే నిజంగానే రింగు ఒక చోట నలిగి ఉంది. డబ్బాలో ఇంకో రింగు ఉండబట్టి సరిపోయింది. ఈసారి రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కుతూ, కొద్ది కొద్దిగా తిప్పుతూ దింపాను. అరగంట కాగితం ముక్క కింద పెట్టి చూశాం. కాగితం పొడిగానే ఉంది.

కూలెంట్ సంగతి కూడా చెప్పాలి. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ అనే రసాయనం కలిపింది మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఈ ఊరికి అది అంచు మీద నడక లాంటిది. మేము నూటికి 60 పాళ్ళు గ్లైకాల్, 40 పాళ్ళు నీళ్ళు కలిపాం, అది మైనస్ 50 దాకా కాస్తుంది. గ్లైకాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు. వట్టి గ్లైకాల్ పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

వైరు లాగడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తగలబడ్డ కార్ల కథలు ఎక్కువగా ఇక్కడి నుంచే మొదలవుతాయి. పొగ గొట్టానికి, ఫ్యానుకు, బెల్టుకు దూరంగా తేవాలి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కొంచెం వదులు ఉంచాలి. జానెడుకొక చోట ప్లాస్టిక్ పట్టీతో కట్టి, గ్రిల్ లోంచి ప్లగ్గు బయటికి తీశాం. అప్పటికి నా కారుకూ ఊళ్ళో కార్లన్నిటిలాగే ముక్కు దగ్గర వైరు వచ్చింది.

వెంటనే కరెంటు పెట్టకూడదు. చుట్టూ కూలెంట్ లేకుండా, గాలి బుడగలో ఉండి వేడెక్కితే కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. అందుకని రేడియేటర్ మూత తీసి ఉంచి, గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, ఇంజిన్ నడిపి, కారు లోపల మనుషులకు వేడిగాలి ఇచ్చే హీటర్‌ను ఎక్కువలో పెట్టి, బుడగలు ఆగేదాకా చూశాం. ఇంజిన్ ఆపాక మల్టీమీటర్ అనే కొలత పరికరంతో ప్లగ్గు పిన్నుల మధ్య నిరోధం కొలిస్తే 36 ఓమ్‌లు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు. 120ని 120తో గుణించి 400తో భాగిస్తే సరిగ్గా 36. అంటే అంతా సవ్యంగా ఉంది. ప్లగ్గు పెట్టాం. పెద్దాయన చెవి బానెట్‌కు ఆనించి నన్నూ వినమన్నారు. సుయ్‌మని, పొయ్యి మీద టీ నీళ్ళు మరగడానికి ముందు వచ్చే సన్నటి చప్పుడు. ఫోన్ దగ్గర పెట్టి బాపుకు కూడా వినిపించాను. బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, లేహ్‌లో ఆర్మీ లారీ నడిపిన మా చిన్నాన్న ఇంజిన్ కింద నిప్పు పెట్టి నూనె కాచేవాడట, ఆ సంగతి చెప్పాడు.

ఈ వస్తువు పుట్టిన చోటు కూడా ఇలాంటి చలి దేశమే. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన తన కారు కోసం మొదట తయారు చేసుకున్నాడు, 1949లో పేటెంట్ వచ్చింది. ఆయనది ఇంజిన్ తల మీది బోల్టు ఒకటి తీసి ఆ జాగాలో పెట్టేది. అందుకే ఆ వైపు పాతవాళ్ళు ఇప్పటికీ హెడ్‌బోల్ట్ హీటర్ అంటారు. ఆయన చేసింది విద్యుత్ సహకార సంఘంలో పని. పల్లెల్లోకి కరెంటు వస్తున్న కాలంలో, రైతు చేతికి దాంతో ఒక పని దొరికించాడు. అంతకు ముందు కాలంలో, రాత్రిపూట రేడియేటర్ నీళ్ళు వంపేసి, పొద్దున వేన్నీళ్ళు పోసుకుని స్టార్ట్ చేసుకున్నవాళ్ళు ఎందరో.

సోమవారం పొద్దున మైనస్ 34. తాళం తిప్పగానే ఒక్క పట్టున అందుకుంది. ఆ ఇనుము చప్పుడు లేదు. రెండు వీధులు దాటకముందే కాళ్ళకు వెచ్చటి గాలి తగిలింది. జనవరిలో ఇక్కడ తెల్లవారేది తొమ్మిది దాటాకే. ఆ చీకట్లో, నది మీది వంతెన ఎక్కుతూ ఏడ్చాను. సంతోషానికే.

రాత్రంతా కరెంటు పెట్టి ఉంచక్కర్లేదు. రెండు మూడు గంటలు చాలు. ఆ తర్వాత ఇంజిన్ ఇంకా వేడెక్కదు, వచ్చిన వేడి వచ్చినట్టే గాలిలోకి పోతుంది. నేను బయట వాడే టైమర్ ఒకటి కొని మూడింటికి ఆన్ అయ్యేలా పెట్టాను. మూడు గంటలకు 1.2 యూనిట్లు. పది గంటలు పెడితే 4 యూనిట్లు, లాభమేమీ లేకుండా. ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం బయటి చలికి పనికొచ్చే లావుదే కొనాలి. ఇంట్లో వాడే సన్న వైరు చలికి పెళుసై విరుగుతుంది, వేడెక్కి కరిగిపోతుంది కూడా. ఆ వైరును కారు పక్క అద్దం మీదుగా వేసి గ్రిల్‌కు పెడతాను. అద్దం మీద వైరు కనిపిస్తే, ప్లగ్గు తీయకుండా బండి కదిలించే పొరపాటు జరగదు. రిమోట్ స్టార్ట్ ఉంటే హీటర్ ఎందుకని మా కేర్ హోమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. రిమోట్ స్టార్ట్ కూడా ఆ గడ్డ నూనెలోనే ఇంజిన్‌ను తిప్పాలి కదా. మీరు సీట్లో లేరు కాబట్టి ఆ మూలుగు మీకు వినపడదు.

మొన్న అక్టోబరులో నల్గొండ నుంచి వచ్చిన అమ్మాయి మా హోమ్‌లో చేరింది. పాత కారు కొనుక్కుంది, ముక్కుకు వైరు ఉంది. "ఉంది కదా అక్కా, ఇంకేం భయం" అంది. నేను మల్టీమీటర్ పెట్టి చూస్తే అంకె రాలేదు. వైరు ఊడదీసి హీటర్ పిన్నుల దగ్గరే నేరుగా కొలిస్తే 36 వచ్చింది. కాయిల్ బాగానే ఉంది, వైరే లోపల ఎక్కడో తెగింది. కొత్త వైరు తెచ్చుకుని పెద్దాయన గరాజ్‌లో ఇరవై నిమిషాల్లో మార్చేశాం. ప్లగ్గు పెట్టి, ఆ అమ్మాయిని బానెట్‌కు చెవి ఆనించమన్నాను. కాసేపు విని, కళ్ళు పెద్దవి చేసి, "మరుగుతున్నది అక్కా" అంది.